రచ్చ గెలిచిన ఆటగాడు: డ్రాజెన్ పెట్రోవిచ్

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని పెద్దల మాట. ఇంట గెలిచినవాడు రచ్చలో అడుగు పెట్టినంతనే వెనుకటి గెలుపులన్నీ లెక్కకు రాక, మరల ఓనమాలు దిద్దవలసి వచ్చినచో అతడేమి చేయవలెను? అట్టి పరీక్షకు నిలిచి గెలిచినవాడు డ్రాజెన్ పెట్రోవిచ్. ఐరోపా ఖండపు బాస్కెట్ బాల్ క్రీడాకారులకు అమెరికాలో గౌరవస్థానం సంపాదించి పెట్టినవారిలో అతడు అగ్రగణ్యుడు. అతడు జీవించినది 28 ఏండ్లు మాత్రమే.

1964 అక్టోబరు 22వ తేదీన ఆడ్రియాటిక్ సముద్రతీరంలోని షిబెనిక్ పట్టణంలో డ్రాజెన్ జన్మించినాడు. ఆనాడు ఆ పట్టణం యుగోస్లావియా దేశంలోనిది, నేడు క్రొయేషియాలోనిది. తండ్రి పోలీసు ఉద్యోగి. తల్లి గ్రంథాలయంలో పనిచేసేది. అన్న అలెగ్జాండర్ బాస్కెట్ బాల్ ఆటగాడు. అన్నను చూచి తమ్ముడు బంతి పట్టినాడు.

ఈ ఆటలో వల కట్టిన ఇనుప వలయం నేలకు 10 అడుగుల ఎత్తున ఉంటుంది. దాని వ్యాసం 18 అంగుళాలు. బంతి వ్యాసం అందులో సగం కంటె కొంచెమే ఎక్కువ. చూచుటకు సులభముగానే తోచును. కాని పరుగెత్తుచు, ఎదుటివాడు చేయి అడ్డుపెట్టుచుండగా, 20 అడుగులకు పైబడిన దూరం నుండి బంతిని ఆ వలయంలో వేయుట మాటలు కాదు. కన్ను, చేయి, కాలు ఒక్కటై పనిచేయవలెను. ఆ పొందిక పుట్టుకతో వచ్చునది కాదు. బాలుడైన డ్రాజెన్ తెల్లవారకముందే ఆటశాలకు పోయి, వందలకొలది బంతులు వేసి, ఆ తరువాతనే బడికి పోయేవాడు. ఎంత పేరు వచ్చినా ఈ అలవాటును అతడు విడువలేదు.

15 ఏండ్ల వయస్సులోనే ఊరి జట్టయిన షిబెంకాలో పెద్దల సరసన అతనికి చోటు దొరికినది. 1983లో ఆ చిన్న పట్టణపు జట్టు యుగోస్లావియా జాతీయ పోటీలో సారయేవో నగరపు బోస్నా జట్టుతో తుదిపోరుకు వచ్చినది. ఆట ముగియు క్షణంలో షిబెంకా వెనుకబడి ఉండగా, రెండు శిక్షా బంతులు వేసే అవకాశం 18 ఏండ్ల పెట్రోవిచ్‌కు వచ్చినది. రెండింటినీ వలలో వేసినాడు. ఊరంతయు ఉత్సవం చేసుకొన్నది. మరునాడే క్రీడాధికారులు, న్యాయనిర్ణేత తీర్పులో దోషమున్నదని చెప్పి ఆ గెలుపును రద్దు చేసినారు, మరల ఆడవలెనన్నారు. షిబెంకా జట్టు అందుకు ఒప్పుకొనలేదు. బిరుదు బోస్నాకు పోయినది. చేతికి అందిన ఫలం చేజారుట ఎట్టిదో అతనికి ఆ చిన్న వయస్సులోనే తెలిసినది.

నిర్బంధ సైనికసేవ ముగించి 1984లో జాగ్రెబ్ నగరపు సిబోనా జట్టులో చేరినాడు. అన్న కూడ అందులోనే ఉండెను. 1985లో ఏథెన్సులో జరిగిన ఐరోపా విజేతల కప్పు తుదిపోరులో సిబోనా 87-78 తేడాతో రియల్ మాడ్రిడ్ జట్టును ఓడించినది. ఆ 87లో 36 పెట్రోవిచ్ చేసినవే. మరుసటి ఏడు బుడాపెస్టులో, మహాకాయుడైన సబోనిస్ ఆడిన జాల్గిరిస్ జట్టును ఓడించి సిబోనా ఆ కప్పును నిలుపుకొన్నది. 1985లోనే ఒక దేశీయ పోటీలో అతడు ఒక్కడే 112 పాయింట్లు చేసినాడు. అయితే ఆనాడు ల్యుబ్ల్యానా జట్టు తన పెద్ద ఆటగాళ్లను కాక కుర్రవాండ్రను బరిలోకి దింపినదన్న సంగతిని కూడ చెప్పుట న్యాయం.

అతనిలో లోపాలు లేకపోలేదు. యౌవనగర్వంలో, గెలిచినప్పుడు ఎదుటివారిని ఎగతాళి చేయుట అతనికి పరిపాటి. అందుచే ప్రత్యర్థుల అభిమానులకు అతనిపై కోపం మెండు. కాని అతని ఆటను చూడక ఉండలేకపోయినవారు కూడ వారే. సంగీతంలో మోజార్టు వంటివాడని ఐరోపా అతనికి పేరు పెట్టినది. 1988లో రియల్ మాడ్రిడ్ అతనిని తన జట్టులోకి తీసుకొన్నది. 1989లో ఏథెన్సులో ఇటలీ జట్టు కసెర్తాపై జరిగిన మరొక ఐరోపా కప్పు తుదిపోరులో అతడు 62 పాయింట్లు చేసి స్పెయిన్ జట్టును గెలిపించినాడు.

ఇంట గెలుచుట అంతటితో పూర్తయినది. అమెరికాలోని వృత్తి క్రీడాసంఘమైన ఎన్.బి.ఏ.లో పోర్ట్‌లాండ్ జట్టు 1986లోనే అతనిని ఎంపిక చేసుకొని ఉండెను. అదియు మూడవ వరుసలో, 60వ పేరుగా. 1989లో అతడు అట్లాంటిక్ దాటినాడు. అక్కడ అతని బిరుదులను లెక్కించినవారు లేరు. ఐరోపావాండ్రు వేగంలో, బలంలో, ఎదుటివానిని అడ్డుకొనుటలో అమెరికనులకు సాటిరారన్న అభిప్రాయం ఆనాడు బలముగా ఉండెను. పోర్ట్‌లాండులో డ్రెక్స్‌లర్, పోర్టర్ అనే ఇద్దరు మేటి ఆటగాళ్లు అతడాడే స్థానాలలోనే ఉండిరి. 48 నిమిషాల ఆటలో అతనికి సగటున దక్కినది 12 నిమిషాలు. రెండవ ఏడు ఏడే నిమిషాలు. 1990లో ఆ జట్టు తుదిపోరు వరకు పోయి డెట్రాయిట్ చేతిలో ఓడినది. ఐరోపాలో జట్టు భారమంతా మోసినవాడు, ఇక్కడ బల్లపై కూర్చుండి ఇతరుల ఆట చూచినాడు.

అట్టి స్థితిలో కొందరు స్వదేశానికి మరలుదురు. కొందరు నిందలతో కాలం గడుపుదురు. పెట్రోవిచ్‌కు బాధ లేకపోలేదు. తనను మరొక జట్టుకు పంపుమని అడిగినాడు. కాని సాధనను మాత్రం మానలేదు. 1991 జనవరిలో అతడు న్యూజెర్సీ నెట్స్ జట్టుకు మారినాడు. అది ఓటములకు అలవాటుపడిన జట్టు. అక్కడ అతనికి కావలసినది దొరికినది: ఆడుటకు వ్యవధి. ఆ వేసవిలో వ్యాయామంతో దేహబలం పెంచుకొన్నాడు. 1991-92లో 82 ఆటలలో ఒక్కదానిని కూడ విడువక, సగటున 20.6 పాయింట్లు చేసినాడు. నెట్స్ అనేక సంవత్సరాల తరువాత ఉత్తరపోటీలకు అర్హత పొందినది. మరుసటి ఏడు సగటు 22.3కు పెరిగినది. దూరం నుండి వేసిన ప్రతి 100 బంతులలో ఇంచుమించు 45 వలలో పడినవి. 1993లో సంఘం ప్రకటించిన ఉత్తమ జట్లలో మూడవదానిలో అతని పేరు చేరినది.

రచ్చ గెలిచిన ఆ రోజులలోనే ఇల్లు రెండుగా చీలినది. సెర్బియావాడైన వ్లాదె దివాచ్, పెట్రోవిచ్ ఒకే జాతీయ జట్టులో ఆడినారు. 1989లో ఇద్దరూ ఒకేసారి అమెరికాకు వచ్చినారు. పోర్ట్‌లాండులో కుమిలిపోవుచున్న మిత్రునికి ధైర్యం చెప్పినవాడు దివాచ్. 1990లో బ్యూనస్ ఐర్స్‌లో యుగోస్లావియా ప్రపంచ విజేత అయినది. ఆ సంబరంలో ఒక ప్రేక్షకుడు క్రొయేషియా జెండాతో మైదానంలోకి రాగా, ఇది యుగోస్లావియా గెలుపు అన్న తలంపుతో దివాచ్ ఆ జెండాను లాగివేసినాడు. ఆ సంఘటన మిత్రుల నడుమ గోడయై నిలిచినది. 1991లో యుద్ధం వచ్చినది. గోడ మరింత పెరిగినదే గాని కూలలేదు.

1992లో బార్సిలోనా ఒలింపిక్ క్రీడలకు స్వతంత్ర క్రొయేషియా తొలిసారిగా జట్టును పంపినది. పెట్రోవిచ్ నాయకత్వంలో ఆ జట్టు తుదిపోరుకు చేరి, అమెరికా మేటి జట్టు చేతిలో 117-85 తేడాతో ఓడి రజత పతకం పొందినది. ఆనాడు క్రొయేషియా పక్షాన అత్యధికముగా 24 పాయింట్లు చేసినవాడు అతడే. యుద్ధంలో నలిగిన చిన్న దేశానికి ఆ ఓటమి కూడ పండుగయే అయినది.

1993 జూన్‌లో క్రొయేషియా పక్షాన పోలండులో అర్హత పోటీలు ఆడి జట్టు తిరిగి వచ్చుచుండెను. ఫ్రాంక్‌ఫర్టులో సహచరులు జాగ్రెబ్‌కు పోవు విమానం ఎక్కినారు. పెట్రోవిచ్ కారులో బయలుదేరినాడు. జూన్ 7వ తేదీ సాయంకాలం బవేరియాలోని డెంకెన్‌డార్ఫ్ వద్ద, వానలో అదుపు తప్పి రహదారికి అడ్డముగా నిలిచిన లారీని ఆ కారు ఢీకొన్నది. నడుపుచున్నది అతడు కాదు. అతడు నిద్రలో ఉండెను, నడుముకు పట్టీ లేదు. అక్కడికక్కడే ప్రాణం పోయినది. జాగ్రెబ్‌లోని మిరోగోయ్ శ్మశానవాటికలో అతనిని సమాధి చేసినారు.

నెట్స్ జట్టు ఆ ఏడే అతడు ధరించిన 3వ సంఖ్యను మరెవ్వరికీ ఇవ్వకుండ విరమింపజేసినది. సిబోనా ఆటశాలకు అతని పేరు పెట్టినారు. 2002లో అమెరికాలోని బాస్కెట్ బాల్ కీర్తిమందిరంలో అతనికి స్థానం లభించినది. దివాచ్ మాత్రం మిత్రునితో మాట కలుపుటకు వీలులేక, చాల ఏండ్లకు జాగ్రెబ్ వచ్చి ఆ తల్లిని దర్శించి, సమాధి వద్ద మౌనముగా నిలిచినాడు. రేపు మాటలాడవచ్చునని వాయిదా వేసిన మాటకు రేపు రాలేదు.

ఆ తరువాతి కాలంలో ఐరోపా నుండి వచ్చినవారు అమెరికా వృత్తి క్రీడలో అత్యుత్తమ ఆటగాడన్న బిరుదును పలుమార్లు గెలుచుకొన్నారు. ఐరోపావాడు అక్కడ నిలువగలడా అన్న ప్రశ్న మరల వినబడుటలేదు. ఆ ప్రశ్నకు జవాబు తయారైనది వేలమంది చప్పట్ల నడుమ కాదు; తెల్లవారకముందు, చూచువారెవ్వరూ లేని ఆటశాలలో ఒక బాలుడు ఒంటరిగా వేసిన బంతులలో.