మెచ్నికోవ్ మహాశయుడు - కదలెడి కణముల కథ

కాలిలో ముల్లు విరిగినచో ఆ చోటు వాచి చీము పట్టును. ఆ చీములో తెల్లరక్తకణము లుండునని వైద్యులు పూర్వమే ఎఱుగుదురు. అవి మనలను కాపాడుటకే అచ్చటికి కదలివచ్చునని నిరూపించుటకు జీవితమును ధారపోసిన ఇల్యా మెచ్నికోవ్ చరిత్రమును మా విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

ఈయన 1845లో నాటి రష్యా సామ్రాజ్యమున, నేటి ఉక్రెయిన్ దేశపు ఖార్కివ్ ప్రాంతమున జన్మించెను. నాలుగేండ్ల విశ్వవిద్యాలయపు చదువును రెండేండ్లలో ముగించి, పిదప ఒడెస్సాలో ఆచార్యుడాయెను. 1873లో ఆయన భార్య లుడ్మిలా క్షయవ్యాధితో మరణించెను. ఆ దుఃఖమునకు కంటిజబ్బు తోడై ఆయనను మిక్కిలి క్రుంగదీసెను. కాలక్రమమున కోలుకొని, ఓల్గా అను ఆమెను వివాహమాడెను. విశ్వవిద్యాలయమున అలజడులు చెలరేగగా 1882లో పదవి విడిచి, కుటుంబముతో ఇటలీలోని మెస్సీనా పట్టణము చేరి, ఇంటనే సూక్ష్మదర్శినితో పరిశోధన సాగించెను.

అచ్చట ఒకనాడు ఇంటివారందఱు సర్కసు చూడబోయిరి. మెచ్నికోవ్ మాత్రము సముద్రనక్షత్రమను ప్రాణియొక్క పిల్లదశను పరీక్షించుచుండెను. గాజువలె పారదర్శకమైన ఆ దేహములో కొన్ని కణములు తిరుగాడుచుండుట కనబడెను. బయటి శత్రువు చొరబడినచో ఇవియే దానిని ఎదిరించునేమో అను తలంపు ఆయనకు పొడమెను. తోటలోని గులాబీముండ్లను తెచ్చి ఆ దేహములలో గ్రుచ్చెను. ఆతురతచే ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లవాఱి చూడగా కణములు ముండ్ల చుట్టును మూగియుండెను! వానికే భక్షకకణములని పేరు వచ్చెను.

పెక్కుమంది పండితులు ఈ సిద్ధాంతమును ఒప్పుకొనలేదు. క్రిములను చంపునది రక్తములోని ద్రవమే యని వాదించిరి. 1888లో పాశ్చర్ మహాశయుడు పారిస్‌లో మెచ్నికోవ్‌కు పరిశోధనాలయ మొసగెను. వాదము ఏండ్ల తరబడి సాగెను. తుదకు 1908లో, రక్తద్రవపు రక్షణశక్తిని పరిశోధించిన పాల్ ఎర్లిక్‌తోపాటు మెచ్నికోవ్‌కు నోబెల్ బహుమానము లభించెను. ఇరువురి మార్గములును సత్యములే యని నేడు ఎఱుగుదుము. ఆయన 1916లో పారిస్‌లో కన్నుమూసెను.

మఱి కణమునకు దారి చూపునదేది? గాయపడిన చోటునుండియు, క్రిములనుండియు కొన్ని రసాయనములు వెలువడి చుట్టును వ్యాపించును. కణము పైపొరపై నున్న గ్రాహకములు వానిని పసిగట్టును. ఆ వార్త కణములోపల ఒక మాంసకృత్తునుండి మఱొకదానికి అందును. అంతట వార్త వచ్చిన దిక్కున ఆక్టిన్ అను సన్నని పోగులు పెరిగి పైపొరను ముందునకు నెట్టును. వెనుకభాగమును మయోసిన్ ముడుచును. ఇట్లు కణము ప్రాకును. ఈ వార్తలు సక్రమముగా నడచిన గాయము మానును. గాడి తప్పిన కాన్సరు కణములు తావు విడిచి ఇతరావయవములకు ప్రాకును. కావుననే వైద్యులు నేటికిని ఈ మార్గములను శ్రద్ధతో పరిశోధించుచున్నారు.

మెచ్నికోవ్‌కు ఆనాడు దొరికినవి కొన్ని ముండ్లు, ఒక సూక్ష్మదర్శిని మాత్రమే. సాధనములు స్వల్పములని మన బాలబాలికలు జంకనక్కఱలేదని మా విశ్వాసము. కంటబడిన దానిని ఎందుకని ప్రశ్నించి, సమాధానము దొరకువఱకు ఓర్పుతో నిలుచుటయే విద్యకు మూలము.