యెల్లాప్రగడ సుబ్బారావు

యెల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) ప్రముఖ తెలుగు జీవరసాయన శాస్త్రవేత్త. ఈయన జనవరి 12, 1895న భీమవరంలో జన్మించాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురైనందున, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ వ్యాధికి బలయ్యారు.

తరువాత అమెరికా వెళ్ళి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఎ.టి.పి. అనే అణువును కనుగొన్నాడు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దీనిని విడిగా కనుగొన్నాడు. జీవకణంలో జన్యు సమాచారం ప్రకారం మాంసకృత్తులు తయారయ్యేటపుడు, ప్రతి అమైనో ఆమ్లాన్నీ వాహక ఆర్.ఎన్.ఎ.కు జతచేసే శక్తి ఎ.టి.పి. నుండే లభిస్తుంది.

ఇంతటి కృషి చేసినా హార్వర్డులో శాశ్వత పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. 1945లో అక్కడి బృందం ఈయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అదే ఔషధమయింది. ఈయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. ఈ మందు బాక్టీరియా రైబోజోములను అంటుకొని, వాటిలో మాంసకృత్తుల తయారీని ఆపివేస్తుందన్న సంగతి ఈయన మరణానంతరమే తెలిసింది.

అమెరికా పౌరసత్వం స్వీకరించకుండానే ఆగష్టు 1948లో న్యూయార్కు రాష్ట్రంలో మరణించాడు. 1995లో భారత తపాలా శాఖ ఈయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.