యూరిపిడీస్

యూరిపిడీస్ (సుమారు క్రీ.పూ. 480 - క్రీ.పూ. 406) ప్రాచీన గ్రీసులోని ఏథెన్స్ నగరానికి చెందిన ప్రసిద్ధ విషాద నాటక రచయిత. ఈస్కిలస్, సోఫోక్లీస్‌లతో పాటు ఈయనను గ్రీకు విషాద నాటకానికి మూలస్తంభాలైన ముగ్గురిలో ఒకరిగా పరిగణిస్తారు. ఈయన సుమారు 90 నాటకాలు రచించగా 18 లేదా 19 మాత్రమే పూర్తిగా లభిస్తున్నాయి. వాటిలో అధికభాగం ఏథెన్స్, స్పార్టా నగర రాజ్యాల మధ్య జరిగిన పెలొపొనేసియన్ యుద్ధకాలంలో (క్రీ.పూ. 431 - 404) వెలువడినవే. గెలిచినవారి పరాక్రమం కంటే ఓడినవారి దుఃఖాన్ని, ముఖ్యంగా చెరపట్టబడిన స్త్రీల దుఃఖాన్ని, రంగస్థలం మీదికి తెచ్చిన కవిగా ఈయన పేరు పొందాడు.

జననం, కుటుంబం

క్రీ.పూ. 480లో సలామిస్ ద్వీపం వద్ద గ్రీకు నౌకాదళం పర్షియా సేనను ఓడించిన రోజునే యూరిపిడీస్ ఆ ద్వీపంలో జన్మించాడని ప్రతీతి. ఆ యుద్ధంలో ఈస్కిలస్ పోరాడాడని, విజయోత్సవంలో బాలుడైన సోఫోక్లీస్ పాల్గొన్నాడని, అదే రోజున యూరిపిడీస్ పుట్టాడని చెబుతూ ప్రాచీనులు ముగ్గురు కవులనూ ఒకే సంఘటనతో ముడిపెట్టారు. అయితే పారోస్ ద్వీపంలో లభించిన ఒక శిలాశాసనం ఈయన జన్మసంవత్సరాన్ని క్రీ.పూ. 484గా సూచిస్తున్నది.

తండ్రి పేరు మ్నెసార్కస్, తల్లి పేరు క్లీటో. తల్లి కూరలు అమ్ముకొనేదని ఆనాటి హాస్య నాటక కర్తలు ఎగతాళి చేసేవారు. కాని ఆమె ఉన్నత వంశానికి చెందినదని ఫిలోకోరస్ అనే ప్రాచీన చరిత్రకారుడు పేర్కొన్నాడు.

యూరిపిడీస్ జనసమ్మర్దానికి దూరంగా, సలామిస్‌లో సముద్రం వైపు తెరుచుకొని ఉన్న ఒక గుహలో నాటకాలు వ్రాసేవాడని చెబుతారు. 1990వ దశకంలో ఆ ద్వీపంలోని ఒక గుహలో జరిపిన త్రవ్వకాలలో ఈయన పేరులోని కొన్ని అక్షరాలు గల పానపాత్ర బయటపడింది. ఆ అక్షరాలు ఈయన కాలానికి చాలా తరువాత చెక్కినవని భావిస్తున్నారు.

నాటక పోటీలు

ఏథెన్స్‌లో ప్రతి వసంత ఋతువులో డయొనీసస్ దేవుని ఉత్సవం సందర్భంగా నాటక పోటీలు జరిగేవి. ఎంపికైన ముగ్గురు కవులలో ఒక్కొక్కరు మూడు విషాద నాటకాలను, ఒక వినోద నాటకాన్ని ప్రదర్శించేవారు. గాయక బృందపు ఖర్చును సంపన్న పౌరులు భరించేవారు. ఇది నగర వైభవాన్ని చాటే ఉత్సవం కూడా. మిత్రరాజ్యాలు చెల్లించిన కప్పాన్ని నాటకశాలలో ప్రేక్షకుల ముందు ఉంచేవారు. యుద్ధంలో మరణించినవారి కుమారులు యుక్తవయస్కులైనపుడు వారిని ఆయుధాలతో అక్కడ నడిపించేవారు.

యూరిపిడీస్ తొలిసారిగా క్రీ.పూ. 455లో పోటీలో పాల్గొని మూడవ స్థానం పొందాడు. మొదటి బహుమతి కోసం క్రీ.పూ. 441 వరకు వేచి ఉండవలసి వచ్చింది. జీవితకాలంలో నాలుగు సార్లు మాత్రమే ప్రథమ బహుమతి లభించింది. సోఫోక్లీస్ ఈ ఉత్సవంలోనే 18 సార్లు విజేతగా నిలిచాడు.

యుద్ధం, నాటకాలు

క్రీ.పూ. 431లో, యుద్ధం మొదలైన సంవత్సరమే, "మెడియా" ప్రదర్శించబడింది. భర్త విడిచిపెట్టిన పరదేశ స్త్రీ పగతో తన బిడ్డలనే చంపుకొనే ఈ కథకు మూడవ స్థానం మాత్రమే దక్కింది. మరుసటి ఏడాది నగరంలో ప్రబలిన మహమ్మారికి వేలాదిమంది బలి అయ్యారు. ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ క్రీ.పూ. 429లో మరణించాడు. క్రీ.పూ. 428లో "హిప్పోలిటస్" నాటకానికి యూరిపిడీస్ ప్రథమ బహుమతి పొందాడు.

ఈయన తన నగరానికి వ్యతిరేకి కాదు. "హెరాక్లీస్ సంతానం", "శరణార్థినులు" అనే నాటకాలలో ఏథెన్స్‌ను నిరాశ్రయులకు ఆశ్రయమిచ్చే నగరంగా చిత్రించాడు. "ఆండ్రోమకి" నాటకంలో స్పార్టా రాజు మెనెలాస్‌ను నీచునిగా చూపాడు. అయితే అదే నాటకంలోనూ, "హెక్యూబా"లోనూ ప్రేక్షకుల జాలి ట్రాయ్ నుండి బానిసలుగా వచ్చిన స్త్రీల వైపే మొగ్గుతుంది.

క్రీ.పూ. 416లో ఏథెన్స్ సేన మెలోస్ అనే చిన్న ద్వీపాన్ని ముట్టడించింది. తటస్థంగా ఉంటామన్న ద్వీపవాసుల మాటను ఏథెన్స్ అంగీకరించలేదు. ద్వీపం లొంగిపోయిన తరువాత పట్టుబడిన వయోజన పురుషులను చంపి, స్త్రీలను, పిల్లలను బానిసలుగా అమ్మివేసింది. కొద్ది నెలల తరువాత, క్రీ.పూ. 415 వసంతంలో, యూరిపిడీస్ "ట్రాయ్ స్త్రీలు" నాటకాన్ని ప్రదర్శించాడు. ఇందులో ట్రాయ్ నగరం కూలిపోయింది, పురుషులు మరణించారు. రాణి హెక్యూబా, ఆమె కుమార్తె, కోడళ్ళు తమను ఏ యజమానికి పంచుతారోనని ఎదురుచూస్తుంటారు. పసివాడైన మనుమడిని గ్రీకులు కోటగోడ మీదినుండి పడదోస్తారు. నాటకంలో మెలోస్ ప్రస్తావన ఎక్కడా లేదు. కవి ఆ సంఘటనను దృష్టిలో పెట్టుకొనే వ్రాశాడా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. కాని కప్పం ప్రదర్శించే ఆ నాటకశాలలోనే, మెలోస్ శిక్షకు ఓటు వేసిన పౌరులే ప్రేక్షకులుగా ఉన్న సమయంలో ఈ నాటకం జరిగిందన్నది విస్మరించరానిది. దీనికి రెండవ స్థానం లభించింది.

సిసిలీ దండయాత్ర

ఆ ఏడాది వేసవిలోనే ఏథెన్స్ ఒక పెద్ద నౌకాదళాన్ని సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్ నగరంపైకి పంపింది. క్రీ.పూ. 413లో ఆ సేన పూర్తిగా నాశనమైంది. ఏడువేల మందికి తగ్గకుండా ఖైదీలను రాతిగనులలో నిర్బంధించారని థుసిడిడీస్ వ్రాశాడు. ఎండకు, చలికి, ఆకలికి వారిలో అనేకులు మరణించారు. సిసిలీ ప్రజలు యూరిపిడీస్ కవిత్వాన్ని ఎంతగానో ఇష్టపడేవారని, ఆయన పద్యాలు కంఠస్థం వచ్చిన కొందరు ఖైదీలు వాటిని వినిపించి విడుదల పొందారని, వారు ఇంటికి చేరి కవికి కృతజ్ఞతలు చెప్పారని ప్లూటార్క్ తెలిపాడు. ప్లూటార్క్ ఈ సంఘటనకు సుమారు 500 సంవత్సరాల తరువాతివాడు.

క్రీ.పూ. 412లో వచ్చిన "హెలెన్" నాటకంలో హెలెన్ అసలు ట్రాయ్ వెళ్ళనేలేదు. పదేళ్ళ యుద్ధం ఒక మాయారూపం కోసం జరిగినట్లు యూరిపిడీస్ కథను మలిచాడు.

చివరి రోజులు

క్రీ.పూ. 408లో "ఒరెస్టిస్" ప్రదర్శన తరువాత యూరిపిడీస్ ఏథెన్స్ విడిచి మాసిడోనియా రాజు ఆర్కిలాస్ ఆస్థానానికి వెళ్ళాడు. క్రీ.పూ. 406లో అక్కడే మరణించాడు. వేటకుక్కలు చీల్చి చంపాయన్న కథను కల్పనగా భావిస్తారు. మరణవార్త తెలిసిన వృద్ధ సోఫోక్లీస్ సంతాప వస్త్రాలు ధరించి, తన గాయక బృందాన్ని పూలదండలు లేకుండా ప్రేక్షకుల ముందుకు తెచ్చాడని చెబుతారు. సోఫోక్లీస్ కూడా అదే సంవత్సరంలో మరణించాడు.

యూరిపిడీస్ చివరగా వ్రాసిన "బాకే", "ఔలిస్‌లో ఇఫిజినియా" నాటకాలు మరణానంతరం ప్రదర్శించబడి ప్రథమ బహుమతి పొందాయి. జీవితాంతం ఈయనను పరిహసించిన హాస్య నాటక కర్త అరిస్టోఫనీస్, క్రీ.పూ. 405లో వచ్చిన "కప్పలు" నాటకంలో పరలోకంలో ఈస్కిలస్‌కు, యూరిపిడీస్‌కు మధ్య పోటీ పెట్టి ఈస్కిలస్‌ను గెలిపించాడు.

ఏథెన్స్ పతనం

క్రీ.పూ. 404లో ఏథెన్స్ స్పార్టాకు లొంగిపోయింది. నగరాన్ని నేలమట్టం చేసి పౌరులను బానిసలుగా అమ్మాలని థీబ్స్, కోరింత్ నగరాలు పట్టుబట్టాయి. మెలోస్‌కు పట్టిన గతి ఏథెన్స్‌కు పట్టబోయింది. అప్పుడు జరిగిన విందులో ఫోకిస్ ప్రాంతీయుడొకడు యూరిపిడీస్ వ్రాసిన "ఎలక్ట్రా" నాటకంలోని గీతం పాడగా, ఇటువంటి కవులను కన్న నగరాన్ని నాశనం చేయడం ఘోరమని విజేతలు కరిగిపోయారని ప్లూటార్క్ వ్రాశాడు. పర్షియా యుద్ధాలలో ఏథెన్స్ గ్రీసుకు చేసిన సేవను తలచి స్పార్టా నిరాకరించిందని సమకాలికుడైన జెనొఫోన్ తెలిపాడు. ఏథెన్స్ కోటగోడలను కూల్చివేశారు గాని నగరం మిగిలింది.

రచనల లభ్యత

మరణానంతరం యూరిపిడీస్ కీర్తి మిగిలిన ఇద్దరినీ మించింది. నిర్మాణంలో లోపాలు ఉన్నా, విషాదాన్ని పలికించడంలో ఈయన అందరికంటే మిన్న అని అరిస్టాటిల్ అభిప్రాయపడ్డాడు. ఈస్కిలస్, సోఫోక్లీస్‌లవి ఏడేసి నాటకాలు మాత్రమే మిగలగా, యూరిపిడీస్‌వి ఎక్కువగా మిగలడానికి ఒక కారణం ఉంది. పఠనం కోసం ఎంపిక చేసిన పది నాటకాలతో పాటు, అక్షరక్రమంలో అమర్చిన సంపూర్ణ సంపుటిలోని ఒక భాగం ద్వారా మరో తొమ్మిది నిలిచాయి. ఎంపికైన పదింటిలో ఒకటైన "రీసస్" ఈయన రచన కాదని పలువురి అభిప్రాయం. "సైక్లోప్స్" ఆనాటి వినోద నాటకాలలో పూర్తిగా లభిస్తున్న ఏకైక నాటకం.

2022లో ఈజిప్టులోని ఫిలడెల్ఫియా అనే ప్రాచీన నగరపు శ్మశానవాటికలో దొరికిన ఒక పపైరస్‌లో, అంతకుముందు చాలావరకు నష్టమైన "ఇనో", "పొలియిడస్" నాటకాల పంక్తులను గుర్తించారు. వాటిని 2024లో ప్రచురించారు.