శుక్రవారం, సాయంత్రం నాలుగింటికి

ప్యారిస్‌లో సీన్ నదికి ఎడమ గట్టున ర్యూ జాకబ్ అని ఒక పాత వీధి ఉంది. అందులో 20వ నంబరు గేటు దాటి లోపలికి వెళ్తే ఒక చిన్న మేడ ఇల్లు, దాని పక్కన చెట్లు గుబురుగా పెరిగిన తోట, ఆ తోటలో ఒక మూల నాలుగు స్తంభాల బుల్లి గుడి. గుడి అన్నానే గానీ లోపల దేవుడు ఎవరూ లేడు. స్నేహానికి అంకితం అని మాత్రం ఫ్రెంచిలో చెక్కి ఉంటుంది. 1909 నుంచి దాదాపు అరవై ఏళ్ళ పాటు, యుద్ధం వచ్చి ఆపిన కొన్నేళ్ళు తీసేస్తే, ఆ ఇంట్లో శుక్రవారం శుక్రవారం జనం కూడేవాళ్ళు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా. ఆ ఇంటావిడ పేరు నటాలీ క్లిఫర్డ్ బార్నీ.

సాహిత్య చరిత్రలో ఈవిడ పేరు ఎక్కువగా వేరేవాళ్ళ పేర్ల పక్కనే కనిపిస్తుంది. ఫలానా రచయిత ఈవిడ ఇంటికి వచ్చేవాడు, ఫలానా నవలలో ఫలానా పాత్ర ఈవిడే, ఇలా. ఆవిడ కూడా కవిత్వం, నాటకాలు, చిన్న చిన్న సూక్తుల పుస్తకాలు రాసింది, అదీ అమెరికన్ అయ్యుండి ఎక్కువగా ఫ్రెంచిలో. కానీ నిజం చెప్పాలంటే ఆవిడ చేసిన పెద్ద పని పుస్తకం కాదు, ఆ శుక్రవారాలే. ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళు దాక్కోకుండా, నవ్వులపాలు కాకుండా, పగటి వెలుతురులో కూర్చుని టీ తాగే చోటు ఒకటి ఏర్పాటు చేసి, దాన్ని అంతకాలం నడిపింది. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది.

నటాలీ 1876 అక్టోబర్ 31న అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో పుట్టింది. నాన్న ఆల్బర్ట్ బార్నీ కుటుంబానిది రైలు పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీ. డబ్బుకు లోటు లేదు. అమ్మ ఆలిస్ పైక్ బార్నీ చిత్రకారిణి. బొమ్మలు వేయడం భర్తకు ఇష్టం లేకపోయినా మానలేదు. 1882లో ఒక సముద్రతీర హోటల్లో, వెంటపడి ఏడిపిస్తున్న మగపిల్లల నుంచి పారిపోతున్న నటాలీని ఒక పొడుగాటి మనిషి ఎత్తుకుని, ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథ చెప్పాడు. ఆయన ఆస్కార్ వైల్డ్, అప్పుడు అమెరికా అంతా ఉపన్యాసాలిస్తూ తిరుగుతున్నాడు. ఆ మర్నాడు ఆయన వాళ్ళమ్మతో కూడా మాట్లాడాడట, ఆవిడ బొమ్మల్ని సీరియస్‌గా తీసుకోవడం అక్కడి నుంచే మొదలైందంటారు. తర్వాత పదమూడేళ్ళకు అదే వైల్డ్‌ని మగవాళ్ళను ప్రేమించాడని ఇంగ్లండు జైల్లో పెట్టింది.

నటాలీని, చెల్లెలు లారాని ఫ్రాన్సులో ఒక బోర్డింగ్ స్కూల్లో వేశారు. ఫ్రెంచి మాతృభాషలా వచ్చేసింది. పన్నెండేళ్ళకే తన సంగతి తనకు తెలిసిపోయిందని ఆవిడ తర్వాత చెప్పుకుంది. తెలిసిన తర్వాత దాచకూడదని కూడా అనుకుంది. ఆ రెండో నిర్ణయమే ఆవిడ జీవితం మొత్తం.

1899లో ప్యారిస్‌లో లియాన్ ద పూజీ అనే పేరుమోసిన వేశ్య దగ్గరికి మధ్యయుగాల సేవకుడి వేషం వేసుకుని వెళ్ళి, గ్రీకు కవయిత్రి సాఫో పంపిన ప్రేమదూతని అని చెప్పింది. లియాన్ ఆ కథనంతా 1901లో నవలగా రాసేస్తే అది విపరీతంగా అమ్ముడుపోయింది. ఈలోగా 1900లో నటాలీ తన మొదటి కవితల పుస్తకం వేసింది. అన్నీ ఆడవాళ్ళ మీద రాసిన ప్రేమకవితలే. ఇందులో తమాషా ఏంటంటే, పుస్తకానికి బొమ్మలు వేసింది వాళ్ళమ్మే. తను కూర్చోబెట్టి బొమ్మ గీస్తున్న అమ్మాయిల్లో కొందరు కూతురి ప్రియురాళ్ళని పాపం ఆవిడకు తెలీదు. వాషింగ్టన్‌లో ఒక పత్రిక ఆ గుట్టు కాస్తా బయటపెట్టింది. నాన్న ప్యారిస్‌కి వచ్చి, మిగిలిన కాపీలు, అచ్చు ప్లేట్లతో సహా కొని నాశనం చేశాడు. కూతుర్ని ఇంటికి తీసుకెళ్ళి పెళ్ళి చెయ్యాలనే ఆయన ఆలోచన. 1902లో ఆయన చనిపోయాడు. నటాలీ వాటాకు దాదాపు 25 లక్షల డాలర్లు వచ్చాయి. ఇక ఆవిడను ఎవరూ ఏమీ అనలేరు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. దాచకుండా బతకడం ధైర్యమే, కాదనను. కానీ ఆ ధైర్యానికి వెనక బ్యాంకు ఖాతా ఉంది. ఇంటి అద్దె తల్లిదండ్రులు కడుతున్న అమ్మాయికి, ఉద్యోగం పోతే రోడ్డున పడే టీచరుకి ఆ దారి లేదు. నటాలీ బతుకు చదివేటప్పుడు దీన్ని మర్చిపోతే కథ సగమే అర్థమవుతుంది.

ఆ రోజుల్లోనే రెనే వివియాన్ పరిచయమైంది. అసలు పేరు పాలీన్ టార్న్, ఫ్రెంచిలో రాసిన ఇంగ్లీషు కవయిత్రి. ఇద్దరికీ సాఫో అంటే పిచ్చి. క్రీస్తుకు ఆరువందల ఏళ్ళ ముందు లెస్బోస్ దీవిలో ఉన్న కవయిత్రి సాఫో. లెస్బియన్ అనే మాట ఆ దీవి పేరు నుంచే వచ్చింది. కలకత్తాలో 1999లో ఇలాంటి ఆడవాళ్ళు కొందరు కలిసి సంఘం పెట్టుకున్నప్పుడు దానికీ సాఫో అనే పేరు పెట్టుకున్నారు. నటాలీ, రెనే గ్రీకు నేర్చుకుని మరీ ఆవిణ్ణి చదివారు. 1904లో లెస్బోస్‌కి వెళ్ళారు. అక్కడే ఇల్లు తీసుకుని, కవిత్వం రాసే ఆడవాళ్ళకు ఒక బడిలాంటిది పెట్టాలని ప్లాన్. అది జరగలేదు. రెనేకి అప్పటికే ఇంకొక ప్రియురాలుంది, ఆవిడ ఉత్తరం రాగానే రెనే వెనక్కి వెళ్ళిపోయింది. 1909లో 32 ఏళ్ళకే, తిండి మానేసి, తాగుడుతో ఒళ్ళు పాడుచేసుకుని చనిపోయింది.

బడి కుదరకపోయినా ఆ ఆలోచన మాత్రం నటాలీని వదల్లేదు. ప్యారిస్ పక్కన న్యూయీలో తోట ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుని అక్కడ నాటకాలు, నృత్యాలు పెట్టింది. కొలెట్ అక్కడ నటించింది. మాతా హరి గుర్రం మీద వచ్చింది. సాఫో మీద ఆరుబయట నాటకం వేసేసరికి ఇంటి ఓనరుకు ఒళ్ళు మండింది. ఓనర్లు ఎక్కడైనా ఓనర్లే. అలా ఇల్లు మారాల్సి వచ్చి 1909లో ర్యూ జాకబ్‌కి చేరింది.

ఇల్లే ఎందుకు, ప్యారిస్‌లో ఇంకెక్కడా కలవలేరా అని అడగొచ్చు. ఫ్రాన్సులో 1791 తర్వాత ఇది నేరం కాదు. కానీ చట్టం వేరు, జనం వేరు. 1907 జనవరిలో మూలాన్ రూజ్ స్టేజీ మీద కొలెట్, ఆవిడ ప్రియురాలు మిస్సీ ఒక మూకాభినయంలో ముద్దుపెట్టుకున్నందుకు ప్రేక్షకులు చేతికందినవన్నీ విసిరి గోల చేశారు. పోలీసులు ఆ ఆట ఆపించారు. ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసు పర్మిషన్ కావాలనే 1800 నాటి ఉత్తర్వు కూడా అప్పటికింకా పుస్తకాల్లో ఉంది. బార్లు ఉండేవి, నిజమే. 1930ల్లో ల మొనోకుల్ అనే క్లబ్బు ఆడవాళ్ళదే. అయితే బారుకు రాత్రిపూట, చీకట్లో వెళ్ళాలి. నటాలీ ఇంటికి మాత్రం సాయంత్రం నాలుగింటికి, టోపీ పెట్టుకుని వెళ్ళొచ్చు. ఎవరైనా అడిగితే సాహిత్య సభకు అని చెప్పొచ్చు, అది అబద్ధం కూడా కాదు.

అక్కడ జరిగేది పెద్దగా ఏమీ ఉండదు. టీ, సాండ్‌విచ్‌లు, చాక్లెట్ కేకు. ఎవరో ఒకరు కొత్తగా రాసింది చదువుతారు, ఎవరో పియానో వాయిస్తారు. గెర్ట్రూడ్ స్టైన్, ఆలిస్ టొక్లస్ జంటగా వచ్చేవాళ్ళు. పుస్తకాల షాపులు నడిపే సిల్వియా బీచ్, అడ్రియెన్ మోనియే వచ్చేవాళ్ళు. నవల రాసిన రాడ్‌క్లిఫ్ హాల్, ఆవిడ తోడు ఊనా ట్రబ్రిడ్జ్. చిత్రకారిణి రొమెయిన్ బ్రూక్స్. డ్జూనా బార్న్స్. ఆస్కార్ వైల్డ్ అన్న కూతురు డాలీ వైల్డ్. జంటలు జంటలుగానే వచ్చేవాళ్ళు, అక్కాచెల్లెళ్ళమనో స్నేహితురాళ్ళమనో చెప్పుకోవాల్సిన పని లేదు. మగవాళ్ళకు తలుపులు మూయలేదు. ఎజ్రా పౌండ్, పాల్ వలెరీ, రిల్కే, మన టాగూర్ కూడా ఆ ఇంటి అతిథుల లిస్టులో ఉన్నారు. జార్జ్ యాంథైల్ అనే కుర్ర సంగీతకారుడి కొత్త రచనలు అక్కడ వినిపించారు. ఈ యాంథైలే తర్వాత 1942లో సినిమా నటి హెడీ లమార్‌తో కలిసి ఫ్రీక్వెన్సీ హాపింగ్ మీద పేటెంట్ తీసుకున్నాడు. మన బ్లూటూత్ పనిచేసే పద్ధతి ఆ ఐడియాకి బంధువే. ఈసీఈ వాళ్ళు గమనించగలరు.

1927లో నటాలీ ఇంకో అడుగు వేసింది. ఫ్రెంచ్ అకాడమీ 1635 నుంచి ఉంది, నలభై సీట్లు, ఒక్కటంటే ఒక్క సీటులో కూడా ఆడది లేదు. వాళ్ళను బతిమాలడం మానేసి తన హాల్లోనే మహిళల అకాడమీ మొదలుపెట్టింది. ఎన్నికలు, బిల్డింగు ఏమీ లేవు. ఒక్కో శుక్రవారం ఒక్కో రచయిత్రికి. కొలెట్, స్టైన్, మీనా లాయ్, రషిల్డ్, డ్జూనా బార్న్స్, చనిపోయిన రెనే వివియాన్‌కి కూడా ఒక రోజు కేటాయించారు. ఇంగ్లీషులో రాసేవాళ్ళను ఫ్రెంచివాళ్ళకు, ఫ్రెంచివాళ్ళను ఇంగ్లీషువాళ్ళకు పరిచయం చేశారు. అసలు అకాడమీలోకి మొదటి మహిళ మార్గరీట్ యూర్సెనార్ ఎన్నికైంది 1980లో. ఆవిడ కూడా ఒక స్త్రీతో దశాబ్దాలు కలిసి బతికిన మనిషే. నటాలీకి స్నేహితురాలు కూడా.

1928లో రెండు పుస్తకాలొచ్చాయి. డ్జూనా బార్న్స్ ఈ గుంపునంతా ఆటపట్టిస్తూ ఒక పంచాంగంలాంటి పుస్తకం రాసి ప్రైవేటుగా అచ్చు వేయించింది. అందులో నాయిక నటాలీయే. ఎవరికీ కోపం రాలేదు, తమను తాము చూసి నవ్వుకున్నారు. రెండోది రాడ్‌క్లిఫ్ హాల్ నవల ద వెల్ ఆఫ్ లోన్లీనెస్. అందులో నటాలీ వేరే పేరుతో, మునిగిపోతున్నవాళ్ళ మధ్య నిబ్బరంగా నిలబడ్డ మనిషిగా కనిపిస్తుంది. ఇంగ్లండులో ఆ నవలను అశ్లీలమని కోర్టు నిషేధించింది. ఆ మరుసటి ఏడాది నటాలీ తన జ్ఞాపకాల పుస్తకం మొదట్లో ఒక మ్యాప్ గీసి వేసింది. ఇల్లు, తోట, గుడి, టీ టేబులు, వాటి చుట్టూ వంద మందికి పైగా అతిథుల పేర్లు కిక్కిరిసి ఉంటాయి. ఆవిడ రాసిన వాటన్నిటిలో నాకు నచ్చింది ఆ మ్యాపే.

మనసుల విషయంలో ఆవిడ మంచి అమ్మాయేమీ కాదు. ఒక్కరికే కట్టుబడి ఉండటం మీద ఆవిడకు నమ్మకం లేదు, ఆ సంగతి ముందే చెప్పేసేది కూడా. చెప్పేసినంత మాత్రాన అవతలివాళ్ళకు నొప్పి తగ్గదు కదా. డచెస్ ఎలిజబెత్ ద గ్రామోతో 1918లో పెళ్ళిలాంటి ఒప్పందం రాసుకుంది. ఇద్దరూ ఎవరితో ఉన్నా చివరిదాకా ఒకరినొకరు వదలకూడదని దాని సారాంశం. ఆ మాట ఇద్దరూ నిలబెట్టుకున్నారు, 1954లో ఎలిజబెత్ పోయేదాకా. రొమెయిన్ బ్రూక్స్‌తో యాభై ఏళ్ళకు పైగా సాగింది. రొమెయిన్‌కి జనం పడరు, అందుకని ఇద్దరూ దక్షిణ ఫ్రాన్సులో విచిత్రమైన ఇల్లు కట్టుకున్నారు. రెండు వేర్వేరు ఇళ్ళు, మధ్యలో ఉమ్మడి భోజనాల గది. డాలీ వైల్డ్ మాత్రం మత్తుమందుల నుంచి, ఆ ప్రేమ నుంచి బయటపడలేక 1941లో పోయింది.

ఇంక చెప్పాల్సిన కష్టమైన భాగం యుద్ధం. మొదటి ప్రపంచయుద్ధంలో నటాలీ యుద్ధాన్ని వ్యతిరేకించి, 1917లో ఆ గుడి ఉన్న తోటలోనే శాంతి కోసం మహిళల సమావేశాలు పెట్టింది. రెండో యుద్ధం వచ్చేసరికి రొమెయిన్‌తో కలిసి ఇటలీలో, ఫ్లోరెన్సులో ఉండిపోయింది. అక్కడ ముసోలినీ ప్రచారాన్ని నమ్మింది, యూదుల మీద ద్వేషంతో రాసింది. వాళ్ళ తాతయ్యే యూదు మూలాలున్నవాడు. ఒక యూదు జంట ఇటలీ నుంచి తప్పించుకోవడానికి ఆవిడ సాయం చేసిందని కూడా చెబుతారు. అది నిజమే అయినా ఆ రాతలు చెరిగిపోవు. శుక్రవారాలకు వచ్చిన స్టైన్, టొక్లస్ ఇద్దరూ యూదులే, ఆ ఏళ్ళలో ఫ్రాన్సు పల్లెల్లో తలదాచుకుని ఎలాగో బతికి బయటపడ్డారు. తనవాళ్ళకు చోటివ్వడం తెలిసిన మనిషికి, ఆ గేటు బయట ఎవరిని తరుముతున్నారో కనిపించలేదు. లేదా కనిపించినా చూడలేదు. ఆవిణ్ణి పొగిడే వ్యాసాలు చాలావరకు ఇక్కడ రెండు లైన్లలో దాటేస్తాయి. నాకది నచ్చదు.

యుద్ధం తర్వాత ప్యారిస్‌కి తిరిగొచ్చి, 1949లో శుక్రవారాలు మళ్ళీ మొదలుపెట్టింది. పాతవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ట్రూమన్ కాపోటీలాంటి కొత్తవాళ్ళు కొందరు వచ్చారు. ఆ సాయంత్రాల వెనక ఎవరి చేతులున్నాయో కూడా చెప్పాలి. 1927 నుంచి ఆ ఇంట్లో వంట, ఇల్లు, అతిథులు అన్నీ చూసుకున్నది బెర్త్ క్లేరెర్గ్. సాండ్‌విచ్‌లు, కేకు ఆవిడవే. యుద్ధకాలంలో యజమానురాలు ఇటలీలో ఉంటే ప్యారిస్‌లో ఇంటిని కాపాడింది కూడా ఆవిడే. మ్యాప్‌లో అతిథుల పేర్లున్నాయి గానీ, ఆ టీ టేబులు సర్దిన మనిషి మన దాకా వచ్చింది తన సొంత జ్ఞాపకాల వల్ల. 1980లో అవి పుస్తకంగా వచ్చాయి.

1960ల చివర్లో ఆ ఇంటి కొత్త యజమాని, ఒకప్పటి ఫ్రాన్స్ ప్రధాని మిషెల్ దెబ్రే, రిపేర్లు మొదలుపెట్టడంతో ముసలావిడ హోటల్‌కి మారాల్సి వచ్చింది. 1972 ఫిబ్రవరి 2న, 95 ఏళ్ళ వయసులో అక్కడే చనిపోయింది. పాసీ శ్మశానంలో సమాధి ఉంది. తోటలో గుడి ఇప్పటికీ ఉంది, కానీ గేటు మూసి ఉంటుంది.

పుట్టిన ఊరు డేటన్‌లో 2009లో ఆవిడ పేరు మీద ఒక చారిత్రక ఫలకం పెట్టారు. ఒక మనిషి లెస్బియన్ అని ఫలకం మీద రాయడం ఒహాయో రాష్ట్రంలో అదే మొదటిసారి. 2010 జులైలో ఎవరో దాన్ని పాడుచేశారు.