గాట్లీబ్ హాబర్లాంట్: విభజన చెందని కణం

అనంతపురం, కడప జిల్లాల్లో అరటి వేసే రైతులు ఇప్పుడు టిష్యూకల్చర్ మొక్కలకు ఆర్డరు ఇస్తున్నారు. మొక్కలోని ఒక్క కణాన్ని విడిగా పెంచి చూడాలని మొదట ప్రయత్నించిన శాస్త్రవేత్త గాట్లీబ్ హాబర్లాంట్. ఆయన ప్రయోగం ఫెయిలయింది. అయినా టిష్యూకల్చర్‌కు పితామహుడని ఆయననే అంటారు.

ఆయన 1854 నవంబరు 28న హంగరీలో పుట్టారు. తండ్రి ఫ్రెడరిక్ వ్యవసాయ ప్రొఫెసర్. 1873 వియన్నా ప్రపంచ ప్రదర్శనలో దొరికిన సోయా గింజలను తెచ్చి యూరప్ నేలలో పండించి చూసింది ఆయనే. అంటే గింజలు, మొలకలు, వాటి లెక్కలు ఇంట్లో రోజూ వినబడే మాటలే. కొడుకు 1876లో వియన్నాలో డాక్టరేట్ తీసుకుని, తర్వాత చాలా ఏళ్ళు ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో పాఠాలు చెప్పారు. మొక్కలోని ప్రతి భాగం ఆకారం వెనక ఒక పని ఉంటుందని చూపిస్తూ 1884లో పెద్ద పుస్తకం రాశారు. ఇంటర్ బైపీసీ పిల్లలు మొక్కజొన్న, చెరకు ఆకుల గురించి చదివే ‘క్రాంజ్ అనాటమీ’ అన్న పేరు ఈయన పెట్టిందే. జర్మన్‌లో క్రాంజ్ అంటే పూలదండలాంటిది. ఆ ఒక్క ముక్క చెబితే పిల్లలకు బట్టీ పట్టే పని సగం తగ్గుతుంది!

1902లో ఆయన వియన్నా సైన్స్ అకాడమీకి ఒక పేపర్ సమర్పించారు. ఆయన ప్రశ్న చాలా సింపుల్: ఆకులోంచి ఒక్క కణాన్ని విడదీసి ఆహారం ఇస్తే, అది మళ్ళీ మొక్క కాగలదా? లామియం అనే చిన్న మొక్క ఆకుల నుంచి పచ్చని కణాలు తీశారు. మన చెరువులను కమ్మేసే గుర్రపు డెక్క కాడల్లోని కణాలను కూడా వాడారు. లవణాలు, చక్కెర కలిపిన ద్రవంలో వాటిని ఉంచారు. కణాలు వారాల తరబడి బతికాయి, సైజు పెరిగాయి, పిండిపదార్థం కూడబెట్టుకున్నాయి. ఒక్కటి కూడా రెండుగా చీలలేదు.

కారణం తర్వాతి వాళ్ళకు అర్థమైంది. పచ్చని కణమైతే తన తిండి తానే తయారుచేసుకుంటుందని ఆయన దాన్ని ఎంచుకున్నారు. లాజిక్ సరైనదే, కానీ ఆ కణం అప్పటికే ముదిరిపోయింది. ఆకుగా పనిచేయడంలో స్థిరపడిపోయింది. దాన్ని మళ్ళీ కదిలించే హార్మోన్లు ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. పిండకోశంలోని ద్రవం కలిపి చూడమని ఆయన సూచించారు. 1941లో వాన్ ఓవర్‌బీక్ సరిగ్గా అలాంటి ద్రవాన్నే వాడి లేత పిండాలను పెంచారు. అది మన కొబ్బరినీళ్ళు.

హాబర్లాంట్ అక్కడితో ఊరుకోలేదు. బెర్లిన్‌కు మారాక 1913లో బంగాళాదుంప ముక్కలు కోసి చూశారు. ఆహారం మోసే నాళాలున్న ముక్కల్లో కణాలు చీలుతున్నాయి, లేనివాటిలో చీలడం లేదు. కణాన్ని విభజనకు పురిగొల్పే పదార్థమేదో ఉందని అలా కనిపెట్టారు. అలాంటి పనిచేసే కైనెటిన్ బయటపడింది 1955లో.

ఆయన కొడుకు లుడ్విగ్ కూడా శాస్త్రవేత్తే. హార్మోన్లతో గర్భనిరోధం సాధ్యమని కుందేళ్ళలో చూపిన తొలి వ్యక్తుల్లో ఒకరు. 1932లో, 47 ఏళ్ళకే చనిపోయారు. మరుసటి ఏడాది, 78 ఏళ్ళ తండ్రి తన జ్ఞాపకాల పుస్తకం అచ్చు వేయించారు. 1939లో ఫ్రాన్స్‌లో గోత్రే, నోబెకూర్, అమెరికాలో వైట్ మొక్కల లేత కణజాలాన్ని ఎంతకాలమైనా పెంచవచ్చని నిరూపించారు. అప్పటికి ఆయనకు 80 దాటాయి. యుద్ధం చివరి నెలల్లో, 1945 జనవరి 30న బెర్లిన్‌లో కన్నుమూశారు.

ఆయనను ఆపిన ముదురు కణం ఇప్పుడు అడవులు పెంచేవాళ్ళను ఆపుతోంది. పైన్, స్ప్రూస్ లాంటి కోనిఫర్ చెట్టు మంచిదో కాదో తేలడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. తేలేసరికి అది ముదిరిపోతుంది. దాని కొమ్మ తెచ్చి నాటితే వేరు పట్టదు, పట్టినా చాలాసార్లు నిటారుగా లేవకుండా పక్క కొమ్మలాగే సాగుతుంది. మన భద్రాచలం వైపు జామాయిల్‌తో ఈ బాధ లేదు. నరికిన మోడు నుంచి లేత చిగుళ్ళు వస్తాయి, వాటినే నాటుతారు. కోనిఫర్లలో అలా చిగురించేవి తక్కువ. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ ఒకటి. 1950లో ఎర్నెస్ట్ బాల్ ల్యాబ్‌లో చిగుళ్ళు రప్పించింది దాని కణజాలం నుంచే.

1985లో స్ప్రూస్ గింజలోని పసి పిండాల నుంచి ల్యాబ్‌లో కొత్త పిండాలు తయారుచేశారు. ఇప్పుడు ఆ పసి కణజాలంలో కొంత మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచి, మిగతాదానితో మొక్కలు పెంచి నాటుతారు. ఏళ్ళ తర్వాత ఏ చెట్టు బాగుందో చూసుకుని, దానికి సంబంధించిన కణజాలాన్ని బయటికి తీస్తారు. చెట్టు ముదిరినా, ఫ్రీజర్‌లోది ముదరదు.

కానీ ఇప్పటికే అడవిలో అరవై ఏళ్ళుగా నిలబడి ఉన్న మంచి పైన్ చెట్టుకు ఈ దారి పనికిరాదు. దాని గింజ నుంచి వచ్చేది దాని బిడ్డే తప్ప అది కాదు. ఆ చెట్టు కొమ్మలోని కణాన్నే మళ్ళీ పసిదాన్ని చేయడం మీద ఇంకా పని జరుగుతోంది.