జాన్ కర్టిన్: తన తీరమున నిలిచి చూచిన ప్రధాని

దేశరక్షణ మనిన ఓడలు, విమానములు, సైన్యములు అని తలంచుట లోకసామాన్యము. వీని కన్నింటికిని ముందు విచారింపవలసిన ప్రశ్న యొకటి కలదు. దేశమునకు అపాయ మే దిక్కునుండి రానున్నదో నిర్ణయించువా రెవరు? ఆ దేశప్రజలా, వేలమైళ్ల దూరమున కూర్చున్న వేరొకరా? పసిఫిక్ ప్రాంతమున ఈ ప్రశ్న నేడు మరల తలయెత్తినది. కావున 1942వ సంవత్సరమున దాని నెదుర్కొని, సమాధానము చెప్పి, ఆ భారముచేతనే కృశించి మరణించిన ఆస్ట్రేలియా ప్రధానమంత్రి జాన్ కర్టిన్ చరిత్రమును మా చదువరులకు జ్ఞప్తి చేయదలచితిమి.

కర్టిన్ 1885 జనవరి 8వ తేదీన విక్టోరియా రాష్ట్రమునందలి క్రెస్విక్ పట్టణమున జన్మించెను. తండ్రి ఐర్లండునుండి వలసవచ్చినవాడు. పోలీసు ఉద్యోగము చేసి, అనారోగ్యముచే దానిని విడిచి, పిమ్మట పానశాలలు నడిపెను. ఆ కుటుంబమునకు ఊరు నిలుకడ లేదు, చేతిలో పైకము లేదు. బాలుడు చిన్నతనముననే బడి మాని పత్రికా కార్యాలయమున కుఱ్ఱపనికి కుదిరెను. తరువాత ఒక కర్మాగారమున గుమాస్తా యయ్యెను. ఆతని విద్య యంతయు స్వయముగా చదివి సంపాదించినదే. సోషలిస్టు సభలలో ప్రసంగింప నేర్చి, 1911లో కలప కార్మికుల సంఘమునకు కార్యదర్శి యయ్యెను.

మొదటి మహాయుద్ధకాలమున ఆస్ట్రేలియా ప్రభుత్వము యువకులను నిర్బంధముగా సైన్యమున చేర్చి సముద్రము దాటింప తలపెట్టెను. కర్టిన్ దానిని తీవ్రముగా ప్రతిఘటించెను. 1916లో కొలదిదినములు కారాగృహమునందును ఉండెను. మరుసటి సంవత్సరము పశ్చిమతీరమునందలి పెర్తు నగరమునకు పోయి ఒక కార్మికపత్రికకు సంపాదకుడై పదేండ్లకు పైగా దానిని నడపెను. మావలెనే కలముపట్టి బ్రతికినవాడు. ప్రధాని యైన పిమ్మటను పత్రికారచయితల సంఘపు చిహ్నమును ధరించుట మానలేదు.

1928లో ఫ్రీమాంటిల్ నియోజకవర్గమునుండి పార్లమెంటునకు ఎన్నికై, 1931లో ఓడి, 1934లో మరల గెలిచెను. యౌవనమునుండి ఆతనిని వేధించిన దుర్వ్యసనము మద్యపానము. 1935లో లేబరుపక్షపు నాయకత్వమునకు పోటీచేయునపుడు ఇక మద్యము ముట్టనని మాట యిచ్చి, ఒక్క ఓటు ఆధిక్యమున గెలిచెను. తన్ను తాను జయించుట ఆతనికి తక్కిన విజయములన్నింటికిని మొదటి మెట్టయ్యెను.

ఆ కాలమున ఆస్ట్రేలియా రక్షణవిధాన మంతయు సింగపూరుపై నిలిచియుండెను. బ్రిటను అచ్చట గొప్ప నౌకాస్థావరమును నిర్మించుచు, తూర్పున ఉపద్రవము కలిగినచో నౌకాదళమును పంపుదునని చెప్పుచుండెను. 1936లోనే కర్టిన్ పార్లమెంటునందు ఈ నమ్మకమును ప్రశ్నించెను. ఐరోపాలో యుద్ధము జరుగుచుండగా ఆసియాలోను యుద్ధము పుట్టినచో ఆ నౌకాదళము వచ్చుట సాధ్యమా? పరదేశపు మంత్రుల సామర్థ్యముపై ఒక జాతి ప్రాణమును తాకట్టు పెట్టవచ్చునా? స్వంత విమానబలమును పెంచుకొనుటయే మేలని ఆతని వాదము. విదేశయుద్ధములకు జంకినట్లే రక్షణవ్యయమునకును ఆతని పక్షము జంకెనను విమర్శ కలదు. అందు కొంత సత్యము లేకపోలేదు. అయినను ప్రశ్న మాత్రము సరియైనదే.

1941 అక్టోబరు 7వ తేదీన కర్టిన్ ప్రధాని యయ్యెను. రెండు నెలలకే జపాను పెరల్ హార్బరుపై విరుచుకుపడెను. 1939లో బ్రిటను యుద్ధము ప్రకటించినందున ఆస్ట్రేలియాయు యుద్ధమున ఉన్నట్లే యని నాటి ప్రధాని మెంజీస్ ప్రకటించియుండెను. కర్టిన్ అట్లు చేయలేదు. జపానుపై యుద్ధమును ఆస్ట్రేలియా తన పేరనే, తన మంత్రుల సలహాపైననే ప్రకటించునట్లు చేసెను. డిసెంబరు 10వ తేదీన రెండు గొప్ప బ్రిటిషు యుద్ధనౌకలు మలయాతీరమున మునిగెను. ఆ నెల 27వ తేదీన మెల్బోర్ను పత్రిక యొకదానిలో తన దేశ మిక అమెరికావైపు చూచునని ఆతడు నిస్సంకోచముగా వ్రాసెను. లండనున చర్చిల్ మండిపడెను.

1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు పతనమయ్యెను. సుమారు 15,000 మంది ఆస్ట్రేలియనులు, సుమారు 40,000 మంది భారతీయ సైనికులు అచ్చట బందీలైరి. నాలుగు దినములకు డార్విన్ రేవుపై బాంబులు పడెను. సరిగా ఆ దినములలోనే మధ్యప్రాచ్యమునుండి ఆస్ట్రేలియా సేన యగు ఏడవ డివిజను ఓడలపై మరలి వచ్చుచుండెను. దానిని బర్మా రక్షణకై రంగూనున దింపవలెనని చర్చిల్ కోరెను. రూజ్వెల్టును అందుకు తోడయ్యెను. కర్టిన్ కాదనెను. ఆతని సమ్మతి లేకయే చర్చిల్ ఓడలను ఉత్తరముగా మరలించెను. కర్టిన్ రెండవమారును కాదనగా, అవి వెనుకకు తిరిగెను. శత్రునౌకలు సంచరించు హిందూమహాసముద్రమున తగిన కాపు లేక సాగుచున్న ఆ ఓడలు మునిగినచో నేరము తనదే. ఆ రాత్రులలో నిద్రపట్టక, ప్రధాని తన నివాసపు తోటలో ఒంటరిగా తిరుగుచుండెను. మార్చి 8వ తేదీన రంగూను శత్రువుల వశమయ్యెను. ఆ సేన అచ్చట దిగియుండినచో దాని గతి యేమై యుండెడిదో చదువరులే ఊహింపగలరు. స్వదేశము చేరిన ఆ యోధులే ఆ సంవత్సరము పపువా అడవులలో, కొకోడా బాటపై, జపాను సేనను వెనుకకు నెట్టుటలో పాల్గొనిరి.

ఈ కథ తెలుగువారికి పరాయిది కాదు. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను జపాను బాంబులు పడినవి. తీరపట్టణముల జనులు ఇండ్లకు తాళములు వేసి పల్లెలకు తరలిపోయిరి. మన సైనికులను ఏ దేశమునకు పంపవలెనో, మన తీరమునకు ఏది కాపుగా నుంచవలెనో నిర్ణయించుటకు మనకు ప్రధాని లేడు; కాదను హక్కు లేదు. స్వపరిపాలన యనగా ఏమో ఆ యొక్క మాసమున రెండు దేశముల యనుభవమును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో తేటపడును.

కర్టిన్ లోపములు లేని పురుషుడు కాడు. నిర్బంధ సైనికసేవను ప్రతిఘటించి చెర కేగిన ఆతడే, 1943లో నిర్బంధముగా చేరిన సైనికులను నైరుతి పసిఫిక్ ప్రాంతమునకు పంపుటకు చట్టము చేసెను. పాత మిత్రులు ద్రోహి యనిరి. ఆ మాటకు ఆతని మనసు గాయపడెను. బ్రిటను నీడను విడిచి అమెరికా నీడ చేరెను. సేనానాయకత్వమును మెకార్థరు చేతబెట్టెను. శ్వేతజాతీయులకే ఆ దేశము నివాసమను విధానమును ఆతడును సమర్థించెను. ఆసియావాసులమగు మనము దీనిని మరువరాదు. ఆ విధానము 1973 నాటికి తొలగినది. నేడు మెల్బోర్ను, సిడ్నీ నగరములలో తెలుగు కుటుంబములు వేలకొలది కాపురమున్నవి.

1943 ఎన్నికలలో ప్రజలు ఆతనికి ఘనవిజయ మొసగిరి. కాని దేహము శిథిలమయ్యెను. 1944 నవంబరులో గుండెజబ్బు కలిగెను. 1945 జూలై 5వ తేదీన, జపాను లొంగుబాటునకు ఆరువారములు ముందు, కాన్‌బెరాలో కన్నుమూసెను. దేహమును పెర్తునకు గొనిపోయి కరకట్టా శ్మశానమున ఖననము చేసిరి.

ఆతడు విడిచిపోయిన ప్రశ్న సమసిపోలేదు. 2021లో ఆస్ట్రేలియా, బ్రిటను, అమెరికాలు అణుశక్తితో నడచు జలాంతర్గాములకై ఒప్పందము ప్రకటించినవి. వాని స్థావరము కర్టిన్ ప్రాతినిధ్యము వహించిన ఫ్రీమాంటిల్‌నకు దక్షిణమున గార్డెన్ ద్వీపమునందున్నది. దూరపు మిత్రుని మాట ఆపత్కాలమున ఎంతవరకు నిలుచునని ఆ దేశమున మరల చర్చ సాగుచున్నది.

అంతకంటె గంభీరమైన మార్పు మరియొకటి. 2018లో నౌరూలో సమావేశమైన పసిఫిక్ ద్వీపదేశాధినేతలు తమకు అన్నింటికంటె పెద్ద అపాయము వాతావరణపు మార్పే యని బోయే ప్రకటన ద్వారా లోకమునకు తెలిపిరి. ఆస్ట్రేలియాయు దానిలో చేరెను. వారికి శత్రువు యుద్ధనౌక కాదు, పెరుగుచున్న సముద్రమే. 2023లో ఆస్ట్రేలియా, తువాలు దేశములు ఫలేపిలి సంధి చేసికొనెను. అది 2024లో అమలునకు వచ్చెను. సుమారు పదివేల జనము గల ఆ ద్వీపములనుండి ఏటేట 280 మందికి ఆస్ట్రేలియాలో నివసించు అవకాశము కలిగెను. ఉపద్రవము కలిగినపుడు సాయపడుదునని ఆస్ట్రేలియా మాట యిచ్చెను. ప్రతిగా, ఇతర దేశములతో రక్షణసంబంధములు పెట్టుకొనుటకు తువాలు దాని అంగీకారము పొందవలెను.

ఒకనాడు పెద్దరాజ్యపు నీడలో చిన్నదై నిలిచిన ఆస్ట్రేలియాయే నేడు తువాలునకు పెద్దరాజ్యము. అది బొగ్గు ఎగుమతిలో లోకమున అగ్రశ్రేణి దేశము కూడ. ఆశ్రయ మిచ్చుట మంచిదే. కాని ఇల్లు విడువవలసిన యవసరము రాకుండ చేయుట అంతకంటె మంచిది. తన తీరమునుండి చూచిన అపాయమును లండను గుర్తింపవలెనని కర్టిన్ పట్టుబట్టెను. తువాలు తన తీరమునుండి చూపుచున్న అపాయమును కాన్‌బెరా అట్లే గుర్తించునా? కర్టిన్‌ను గౌరవించుటకు ఆ దేశమునకు ఇంతకంటె తగిన మార్గము లేదని మా యభిప్రాయము.