చెరసాలలో పూర్ణమైన పూజ

బస్తరునందలి కిరండూలు కొండలకు దక్షిణముగా, గోదావరీ తీరమున భద్రాచల క్షేత్రము వెలసియున్నది. తానీషా (1672–1687) గోల్కొండ నేలిన కాలమున, నేలకొండపల్లి వాస్తవ్యుడగు కంచెర్ల గోపన్న పాల్వంచ తహసీలుదారుగా నుండి, వసూలైన శిస్తు ధనముతో అచట రామాలయము నిర్మించి, స్వామికి నగలు చేయించెను. ధనము సర్కారుది, అనుమతి లేదు. అందుచే గోల్కొండ కారాగారమున బంధింపబడెను. ఆతడే భక్త రామదాసు.

చెరలో అర్చనకు పుష్పము లేదు, దీపము లేదు, నైవేద్యము లేదు. మిగిలినది రామనామ మొక్కటే. తొలుత ఆతని కీర్తనలందు భక్తితోపాటు లెక్కయు నుండెను. సీతమ్మకును, రాముని తమ్ములకును చేయించిన నగల నేకరువు పెట్టి, వాని వెలలు చెప్పి, స్వామిని నిష్ఠురము లాడెను. పిదప, దెబ్బల కోర్వలేక తూలనాడితినని క్షమింప వేడెను.

పూజయొక్క పరమార్థ మిచట తేటపడుచున్నది. ఉపచారములు భగవంతుని కొరత తీర్చుటకు కావు. ఇచ్చితినను మమకారమును భక్తునినుండి తొలగించుటకే. ధనముతో ఆరంభమైన అర్చన నామజపముతో పూర్ణమయ్యెను.

పండ్రెండేండ్లకు రామలక్ష్మణులే బాకీ చెల్లించి ఆతనిని విడిపించిరని సంప్రదాయము. నేటికిని శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు సమర్పింపబడుచున్నవి. నాడు లెక్క యడిగిన రాజపీఠమే నేడు కానుకతో స్వామి సన్నిధికి వచ్చుచున్నది.